ఒకే కొండదారికి ఒక్క సీజన్‌లో మూడుసార్లు

అమ్మా నాన్నా ఇండియా నుంచి వచ్చి రెండు నెలలు దాటింది. వీధిలో మేపుల్ చెట్లు ఒక్కొక్కటే రంగు తిరుగుతుంటే, ఆకులు చూపించడానికి వాళ్లను వెర్మాంట్ తీసుకెళ్దామన్నారు మా ఆయన. పోవడానికే తొమ్మిది పది గంటల డ్రైవు. నాన్నకు నడుం నొప్పి, అమ్మకు మోకాళ్ల నొప్పులు. "అంత దూరం ఎందుకమ్మా, దగ్గర్లో కొండలే లేవా?" అన్నారు నాన్న.

ఉన్నాయి. మా ఉత్తర వర్జీనియా వాళ్లకు షెనండోవా నేషనల్ పార్కు గంటన్నర దూరం. ఆరేళ్లుగా ఇక్కడుంటున్నా నేను వెళ్లింది ఒకే ఒక్కసారి, అదీ ఎండాకాలంలో. ఈసారి మాత్రం అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు మొదటి వారంలోపు మూడుసార్లు వెళ్లొచ్చాం. మూడుసార్లూ అదే రోడ్డు, కానీ చూసింది మూడు వేరు వేరు కొండల్ని. దగ్గర్లో ఉన్నవాళ్లకు దొరికే సుఖం ఇదేనని నాకు అప్పుడే తెలిసింది.

ముందు ఆ రోడ్డు సంగతి చెప్పాలి. పార్కు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. బ్లూ రిడ్జ్ కొండల వెన్ను మీదుగా సాగుతుంది. ఆ వెన్ను మీదే స్కైలైన్ డ్రైవ్ అనే రోడ్డు, ఉత్తరాన ఫ్రంట్ రాయల్ నుంచి దక్షిణాన రాక్‌ఫిష్ గ్యాప్ దాకా 105 మైళ్లు. లోపలికి వెళ్లడానికి నాలుగు చోట్ల దారులున్నాయి. మైలుకో రాయి ఉంటుంది, అక్కడ ఏ చోటు అడ్రసైనా ఆ రాయి నంబరే. స్పీడ్ లిమిట్ గంటకు 35 మైళ్లు. కారాపి లోయ చూడ్డానికి దారి పొడుగునా దాదాపు 70 చోట్లున్నాయి. ఒక్క రోజులో ఈ కొస నుంచి ఆ కొసకు వెళ్లాలని మాత్రం అనుకోవద్దు. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు థార్న్‌టన్ గ్యాప్ నుంచి బిగ్ మెడోస్ దాకా, అంటే 31వ మైలు నుంచి 51వ మైలు దాకా ఉన్న మధ్యభాగం చాలు. మేం మూడుసార్లూ అక్కడే తిరిగాం.

టికెట్ కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. కారులో ఎంతమంది ఉన్నా అంతే. ఇదే పార్కుకు ఏడాది పాసు 55 డాలర్లు. మళ్లీ వస్తామో లేదో తెలియకపోయినా మొదటి రోజే పాసు తీసుకున్నాం. ఈ సీజన్‌లో మేం పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా గిట్టుబాటైంది అదే.

మొదటిసారి వెళ్లింది శనివారం. పొద్దున్న టిఫిన్లు కానిచ్చి, పులిహోర కలుపుకుని, థార్న్‌టన్ గ్యాప్ గేటు దగ్గరికి చేరేసరికి పదకొండున్నర. అక్టోబరు వారాంతాల్లో ఆ వేళకు కార్లు బారులు తీరి ఉంటాయి, మాకూ చాలాసేపు పట్టింది. గేటు దాటగానే కొండను తొలిచిన మేరీస్ రాక్ టన్నెల్ వస్తుంది, 1932లో తవ్వింది. మా చిన్నది అందులోంచి బయటికి రాగానే మళ్లీ వెనక్కి వెళ్దామని పేచీ పెట్టింది.

రోడ్డు అన్నిటికన్నా ఎత్తుకు చేరేది స్కైల్యాండ్ అనే లాడ్జి దగ్గర, 3,680 అడుగులు. రంగు పైనుంచి కిందికి దిగుతుందని ఆ రోజు కళ్లారా చూశాం. పైన బ్లాక్‌గమ్, ససఫ్రాస్ చెట్లు ఎర్రగా మండుతున్నాయి, కిందికి చూస్తే లోయంతా పచ్చగానే ఉంది. కాబట్టి అక్టోబరు మొదట్లో వెళ్లేవాళ్లు కొండపాదంలో పచ్చదనం చూసి నిరాశపడకుండా పైదాకా వెళ్లాలి.

50.7వ మైలు దగ్గర డార్క్ హాలో జలపాతం ఉంది, 70 అడుగులది. పోనూ రానూ కలిపి 1.4 మైళ్లే కదా అని మా ఆయన, చిన్నది దిగారు. జలపాతాలకు వెళ్లే దారుల్లో తేలిగ్గా దిగి, అలిసిపోయాక ఎక్కాలి. ఇదీ అంతే. తిరిగి ఎక్కేటప్పుడు చిన్నదాన్ని సగం దూరం ఎత్తుకు రావలసి వచ్చింది. జలపాతం బాగుంది, కాదనను. అయితే మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లే చోటు కాదు, శనివారం మధ్యాహ్నం కారు పెట్టుకోవడానికి చోటు దొరికేదీ కాదు. అమ్మా నాన్నా నేనూ బిగ్ మెడోస్ పిక్నిక్ మైదానంలో బల్ల దగ్గర కూర్చుని పులిహోర తిన్నాం. బల్లలు, బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి. నల్ల ఎలుగుబంట్లు తిరిగే అడవి, మిగిలిన తిండి బయట వదలకుండా కారులో పెట్టి తలుపులు వేసుకోవాలి.

మర్నాడు ఆదివారం వించెస్టర్ వైపు ఒక ఆపిల్ తోటకు వెళ్లాం. ఆ ప్రాంతం ఆపిళ్లకు పెట్టింది పేరు. తోట పేరు చెప్పను. మనిషికింత ప్రవేశ రుసుము, సంచికి వేరే, మొక్కజొన్న చేలో దారులు వెతుక్కునే ఆటకు వేరే, గుమ్మడికాయ బండి ఎక్కితే దానికి వేరే. ఇంతా చేసి, చేతికందే కొమ్మల మీద ఒక్క కాయ లేదు, వారాంతపు జనం ముందే కోసేశారు. రెండు వారాల తర్వాత మామూలు రోజు ఇంకో చిన్న తోటకు వెళ్తే ప్రవేశానికి ఏమీ తీసుకోలేదు. సంచి డబ్బులిచ్చి చెట్ల మధ్యకు వెళ్లిపోయాం. కాయను కిందికి గుంజకుండా అరచేత్తో పైకి లేపి కొద్దిగా తిప్పితే తొడిమతో సహా వస్తుందని అక్కడి పెద్దాయన చూపించాడు. గుంజితే వచ్చే ఏడు పూయాల్సిన మొగ్గ కూడా ఊడుతుందట. నాన్న ఆ తర్వాత కోసిన ప్రతి కాయనూ అలాగే కోశారు. తోటకు వెళ్లేముందు ఫోన్ చేసి ఆ వారం ఏ రకం ఉందో అడగడం మంచిది. గాలా, హనీక్రిస్ప్ సెప్టెంబరులోనే అయిపోతాయి, అక్టోబరు చివర్లో దొరికేవి ఫ్యూజీ, పింక్ లేడీ లాంటివి.

రెండోసారి అక్టోబరు నాలుగో వారం, మంగళవారం. ఈసారి తెల్లవారకముందే బయల్దేరాం, ఎనిమిదిలోపే కొండ మీదున్నాం. గేటు దగ్గర మా ముందు రెండే కార్లు. లోయ నిండా మంచు పాలపొంగులా నిలబడి ఉంది, సూర్యుడు ఎక్కేకొద్దీ అది విడిపోతుంటే కింద రంగులు బయటపడ్డాయి. హికరీ, ట్యూలిప్ పాప్లర్ చెట్లు పసుపు, మేపుళ్లు ఎరుపు. అమ్మ కారు దిగి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మోదుగ పూసినట్టుందే కొండంతా" అంది.

ఈ ఎరుపు ఎక్కణ్ణుంచి వచ్చిందని చిన్నది అడిగింది. పసుపు ఆకులో మొదట్నుంచీ ఉంటుంది, పత్రహరితం దాన్ని కప్పేసి ఉంటుంది. పగళ్లు పొట్టివై, చలి మొదలయ్యాక పత్రహరితం విరిగిపోయి, దాని కింద దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు, చాలా చెట్లలో అది ఈ రోజుల్లోనే కొత్తగా తయారవుతుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఆకులో చక్కెర నిలిచి ఎరుపు చిక్కబడుతుంది. ఆ వారమంతా సరిగ్గా అలాంటి వాతావరణమే. అందుకే తేదీని నెల ముందు ఖాయం చేసుకోవడం కన్నా, వాతావరణం చూసుకుని రెండు రోజుల ముందు అనుకుని వెళ్లడం మేలు. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ వీలుండదు.

ఆ రోజు అందరికీ నచ్చింది 43వ మైలు దగ్గరి లింబర్‌లాస్ట్ బాట. 1.3 మైళ్లు చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. నేల చదును, రాతిపొడి పరిచి ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. కాస్త దూరానికో బెంచీ. అమ్మ తన కాళ్ల మీద తాను అడవిలో నడిచింది! కారు అద్దంలోంచి చూడ్డం కాదు, ఆకుల మీద అడుగులేస్తూ, ఆగుతూ, కూర్చుంటూ గంటన్నర. ఒకప్పుడు అక్కడ మహావృక్షాల్లాంటి హెమ్లాకులు ఉండేవి. గొడ్డలి పడకుండా అడీ పొలాక్ అనే ఆవిడ ఒక్కో చెట్టు 10 డాలర్ల చొప్పున వంద చెట్లు కొని కాపాడింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు ఆసియా నుంచి వచ్చిన ఒక చిన్న పురుగు వాటిలో దాదాపు అన్నిటినీ చంపేసింది. ఇప్పుడక్కడ పడిపోయిన మానుల మధ్య లేత చెట్లు లేస్తున్నాయి. నాన్న ఈ సంగతి రాసిన బోర్డు ముందు నిలబడి రెండుసార్లు చదివారు.

ఆ రాత్రి బస మాత్రం సరిగా కుదరలేదు. పార్కు లోపలి లాడ్జీల్లో అక్టోబరు గదులు నెలల ముందే అయిపోతాయి. లూరే ఊరి దగ్గర ఆన్‌లైన్‌లో ఒక కేబిన్ తీసుకున్నాం. ఫొటోల్లో కొండ కనిపించింది. నిజానికి కొండ కనిపించేది బాత్రూం కిటికీలోంచి. కంకర పోసిన ఏటవాలు దారి, చీకట్లో నాన్నను చేయి పట్టుకుని ఎక్కించాం. హీటరు రాత్రి రెండింటికి ఆగిపోతే ఓనరుకు మెసేజ్ పెట్టాం, జవాబు వచ్చింది పొద్దున్న తొమ్మిదికి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు బుక్ చేసేముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి: మెట్లెన్ని, కారు గుమ్మం దాకా వస్తుందా, హీటరు ఏ రకం. కొండ కనబడకపోయినా ఫరవాలేదు, చలికి అమ్మ శాలువా కప్పుకుని కూర్చున్న ఆ రాత్రి నాకు ఇంకా బాధగానే ఉంది.

బుధవారం వాన. లూరే గుహలకు వెళ్లాం. 1878లో బయటపడ్డ గుహలివి, లోపల ఏడాది పొడుగునా 54 డిగ్రీల ఫారెన్‌హీటే. వాన రోజుకు ఇంతకన్నా మంచి చోటు లేదు. గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలను రబ్బరు సుత్తులతో తట్టి వాయించే ఆర్గన్ ఒకటుంది, లీలాండ్ స్ప్రింకిల్ అనే ఆయన 1950ల్లో తయారుచేసింది. అది మోగినంతసేపు మా చిన్నది కదల్లేదు.

ఓల్డ్ రాగ్ అనే కొండ గురించి చాలామంది అడుగుతారు. బండలు పట్టుకుని ఎక్కే దారి. స్కైలైన్ డ్రైవ్ మీదుగా దానికి చేరలేం, తూర్పువైపు నుంచి వేరే రోడ్డులో వెళ్లాలి. మార్చి నుంచి నవంబరు దాకా పార్కు ప్రవేశం కాక మనిషికి 2 డాలర్ల టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. కుర్రాళ్లకు సరదా, మాలాంటి బృందానికి కాదు.

మూడోసారి నవంబరు మొదటి వారం, సోమవారం. గడియారాలు గంట వెనక్కి తిప్పిన మర్నాడు. ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి, ఇంకేం చూస్తామని మా ఆయన సందేహించారు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ ప్రయాణమే. పైన చెట్లు ఖాళీ అయ్యాయి. అయితే ఆ అడవిలో ఎక్కువ ఓక్ చెట్లే, అవి అన్నిటికన్నా ఆలస్యంగా రంగు మారతాయి. కింది వాలులన్నీ ఇటుక రంగు, తేనె రంగు. ఆకులు లేకపోవడంతో అంతకుముందు రెండుసార్లూ కనిపించనివి కనిపించాయి: కొండల మడతలు, దూరంగా వంపులు తిరిగే నది, అడవిలో రాళ్లు పేర్చిన పాత గోడలు. పార్కు కోసం 1930ల్లో ఇక్కడి కొండల నుంచి వందల కుటుంబాలను ఖాళీ చేయించారు. ఆ గోడలు వాళ్ల పొలం గట్లు. అమ్మ ఒక గోడ మీద చెయ్యి పెట్టి, "ఎవరింటిదో" అంది.

స్కైల్యాండ్‌లో గది ఈసారి నాలుగు రోజుల ముందు అడిగితే దొరికింది. పాతకాలపు గది, హంగులేమీ లేవు. కిటికీ తెరిస్తే పడమటి లోయ. నాన్న కుర్చీ అక్కడికి లాక్కుని పొద్దు పూర్తిగా వాలేదాకా లేవలేదు. ఐదింటికే పొద్దు గూకుతుంది, కాబట్టి ఈ రోజుల్లో నడకలన్నీ మూడింటిలోపు ముగించుకోవాలి. కొండ మీద చాలాచోట్ల సెల్ సిగ్నల్ ఉండదు, మ్యాపు ముందే దించుకుని, పెట్రోలు నింపుకుని ఎక్కాలి. భోజనానికి శాకాహారం తక్కువే. బ్లాక్‌బెర్రీ ఐస్‌క్రీమ్ పై అనే తీపి వంటకం మాత్రం అమ్మ కూడా మారు అడిగి తింది.

మంగళవారం పొద్దున్న స్టోనీ మ్యాన్ ఎక్కాం, 4,010 అడుగుల శిఖరం. నడక పోనూ రానూ ఒకటిన్నర మైలుకు అటూ ఇటూ. అమ్మ కింద ఆగిపోయింది, నాన్న నెమ్మదిగా పైదాకా వచ్చారు. బండ మీద మేం నలుగురమే. గాలి గట్టిగా వీస్తోంది, కింద గద్ద ఒకటి తిరుగుతోంది. చిన్నది ఓక్ ఆకొకటి ఏరి జేబులో పెట్టుకోబోతే, నేషనల్ పార్కులో ఏదీ తీసుకెళ్లకూడదని చెప్పాను. బండ మీదే పెట్టి, ఎగిరిపోకుండా దానిపైన చిన్న రాయి ఉంచింది.

దిగుతున్నప్పుడు నాన్న నన్ను అడిగారు, "మా ఫ్లైట్ ఇరవైన కదమ్మా. పాసు ఎలాగూ ఉంది. వచ్చే గురువారం నీకు ఖాళీయేనా?"