గోడో 4.3: కాలువ జరిగితే కొబ్బరి చెట్లకి ఎవరు చెప్పాలి?

అమలాపురంలో మా మేడ మీద గదిలో కూర్చుని నేనూ, రాజోలు నుంచి వచ్చే మా పిన్ని కొడుకూ ఓ గేమ్ చేస్తున్నాం. కొబ్బరికాయల లోడుతో నాటు పడవ లాకులు దాటుకుంటూ కాలువ వెంట పోవాలి. ఏడాదిగా పొద్దస్తమానం గోడో ఇంజిన్‌లోనే, అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటున్నాను. అది ఉచితమనీ, ఎంఐటీ లైసెన్సనీ, జిప్ విప్పితే చాలు ఇన్‌స్టాల్ అక్కర్లేదనీ ఇప్పటికే చాలామంది రాశారు. నేను రాసేది ఒక్క సంగతి గురించే. గేమ్‌ని కట్టే ఎడిటర్‌లో రెండు ప్లగిన్లు, అంటే మనం దానికి తగిలించే చిన్న పనిముట్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఎలా?

మాకు ఆ అవసరం ఇలా పడింది. నేను కాలువ గీసే ప్లగిన్ రాశాను. నేల మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే నీళ్ళూ, రెండు వైపులా గట్లూ వచ్చేస్తాయి. తమ్ముడు కొబ్బరి చెట్లు నాటే ప్లగిన్ రాశాడు. గట్టు వెంట ఎడం చూసుకుని, మొక్క మొక్కకీ కాస్త తేడాగా, నీళ్ళ వైపు వాలేట్టు నాటుతుంది, మన కాలవ గట్ల మీద ఉన్నట్టే. దేనికది ముచ్చటగా ఉంది. ఓ రోజు కాలువ ఒంపుని నాలుగు మీటర్లు పక్కకి జరిపాను. నలభై చెట్లు నడినీళ్ళలో నిలబడ్డాయి.

"ఏరా, చెట్లన్నీ నీళ్ళలో ఉన్నాయేంట్రా?"

"కాలవ జరిగిందని నా దానికి ఎవరు చెప్పారన్నయ్యా?"

వాడన్నది నిజమే. మా నాన్న ముప్ఫై ఏళ్ళు కాలువ మీద లస్కరుగా చేశారు. కింది తూము దగ్గరున్నాయనకి కబురు అందనిదే పై షట్టరు ఎత్తేవారు కాదు. మా రెండు ప్లగిన్ల మధ్యా ఆ కబురు లేదు.

ఫలానా ప్లగిన్ ఆన్‌లో ఉందా అని గోడో 4.3 వెర్షన్‌లో ఎడిటర్ ఇంటర్‌ఫేస్‌ని అడిగితే ఉందో లేదో చెబుతుంది. ఆ ప్లగిన్‌ని మాత్రం మన చేతికివ్వదు. నడుస్తున్న గేమ్ వేరే ప్రాసెస్ కాబట్టి, దానికీ ఎడిటర్‌కీ మధ్య కబుర్ల కోసం డీబగ్గర్ ప్లగిన్ అని పద్ధతైన దారి వేసి ఉంచారు. ప్లగిన్‌కీ ప్లగిన్‌కీ మధ్య బోదె మనమే తవ్వుకోవాలి.

మొదట తమ్ముడు నా స్క్రిప్టుని (కోడ్ ఫైలుని) నేరుగా ప్రీలోడ్ చేసేశాడు, అంటే తన ప్లగిన్‌లోకి ముందే తెచ్చి పెట్టుకున్నాడు. మా ఇంట్లో పనిచేసింది. రాజోలులో వాడి ల్యాప్‌టాప్‌లో నా ఫోల్డర్ లేదు, దాంతో వాడి ప్లగిన్ కూడా లేవలేదు. తర్వాత ఆటోలోడ్, అంటే దానంతటదే లోడయ్యే స్క్రిప్టు, పెట్టి చూశాం. అది ప్రాజెక్టు సెట్టింగుల్లో కూర్చుని గేమ్ నడిచేటప్పుడు కూడా లోడవుతుంది. ఎడిటర్ పని కోసం పడవలో ఆ బరువెందుకని తీసేశాం. గ్రూపుల పద్ధతి తేలిక. ప్లగిన్లూ నోడ్లే (గోడోలో దేన్నైనా కట్టే ముక్కలు), ఒకే ట్రీలో, అంటే నోడ్లన్నీ వేలాడే ఒకే చెట్టులో ఉంటాయి, గ్రూపు పేరుతో కేకేస్తే వింటాయి. కాకపోతే మనం ఎడిట్ చేస్తున్న సీను కూడా ఆ ట్రీలోనే ఉంటుంది. అందులో ఏ నోడ్‌కైనా అదే గ్రూపు పేరుంటే కేక దానికీ పోతుంది. చిన్నాచితకా పనులకి వాడుకోండి.

చివరికి నిలిచింది ఇంజిన్ సింగిల్టన్, అంటే ఎవరైనా పేరుతో పిలిచి అందుకోగల ఒకే ఒక్క వస్తువు. రెండు మూడు సిగ్నల్స్ (ఫలానాది జరిగిందని వేసే కేకలు), ఓ లెక్క తప్ప ఏమీ లేని చిన్న టూల్ స్క్రిప్టు (ఎడిటర్‌లో కూడా నడిచేది) రాసి దానికి "కబురు" అని పేరు పెట్టాం. ఎంటర్ ట్రీలో, అంటే తను లేచేటప్పుడు, ప్రతి ప్లగిన్ ముందు హ్యాజ్ సింగిల్టన్ అని అడుగుతుంది. ఆ పేరు లేకపోతే తనే తయారుచేసి రిజిస్టర్ చేస్తుంది, ఉంటే దానికే కనెక్ట్ అవుతుంది. ఇలా చేస్తే ఏ ప్లగిన్ ముందు లేచిందన్న బెంగ ఉండదు. తనకి ఎన్ని ప్లగిన్లు కనెక్ట్ అయ్యాయో కబురు లోపల ఓ అంకె దాస్తుంది. ఎగ్జిట్ ట్రీలో, అంటే ప్లగిన్ ఆగేటప్పుడు, ఆ అంకె సున్నాకి వస్తే, ఆఖరున వెళ్ళేవాళ్ళు అన్‌రిజిస్టర్ చేసి ఫ్రీ చేసి వెళ్ళాలి. నేను మొదటిసారి ఇది రాయడం మర్చిపోయాను. ప్లగిన్ ఆపితే ఆ వస్తువు పోయింది, పేరు మాత్రం ఇంజిన్‌లో ఉండిపోయింది. మళ్ళీ ఆన్ చేస్తే పోయినదానికే కనెక్ట్ అవబోయింది, ఎడిటర్ మూసి తెరిస్తే గానీ తేలలేదు. ఇంకోటి, ఈ స్క్రిప్టు కాపీ రెండు ప్లగిన్లలోనూ ఉంటుంది కాబట్టి దానికి క్లాస్ నేమ్ పెట్టకండి. ఒకే గ్లోబల్ పేరు రెండు ఫైళ్ళలో ఉంటే ఎర్రర్ వస్తుంది.

ఇక నాకు బాగా నచ్చినది అన్‌డూ. చెట్లు గట్టు వెంట జరగడం మొదలెట్టాక ఓసారి కంట్రోల్ జెడ్ కొట్టాను. కాలువ పాత చోటికి వెళ్ళిపోయింది, చెట్లు కొత్త గట్టు దగ్గరే ఉండిపోయాయి. ఇంకోసారి కొడితే గానీ అవి కదల్లేదు. గోడో 4లో ప్లగిన్లన్నిటికీ అన్‌డూ మేనేజర్ ఒక్కటే. అందుకని నా ప్లగిన్ క్రియేట్ యాక్షన్ (ఓ మార్పుని మొదలెట్టడం) అయ్యాక, కమిట్ (దాన్ని ఖాయం) చేసేలోగా "కాలువ మారబోతోంది" అని సిగ్నల్ ఇస్తుంది, మేనేజర్‌ని కూడా దాంతోనే పంపుతుంది. చెట్ల ప్లగిన్ తన డూ, అన్‌డూ పనుల్ని అదే యాక్షన్‌లో కలుపుతుంది. ఆ తర్వాతే నేను కమిట్ చేస్తాను. కాలువా చెట్లూ ఒకే సీన్‌లో ఉండాలి, అన్‌డూ చరిత్ర ఒక్కో సీన్‌కి వేరుగా ఉంటుంది మరి. ఇప్పుడు ఒక్క కంట్రోల్ జెడ్‌కి ఒంపూ, గట్టూ, నలభై చెట్లూ కలిసి వెనక్కి వస్తాయి. మొదటిసారి అలా వచ్చినప్పుడు తమ్ముడు ఓ పదిసార్లు ముందుకీ వెనక్కీ తిప్పించి చూశాడు.

గోడోకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది, ఈ కబురు దారి ఇంజిన్‌తో పాటే రావాలని. ఇద్దరు ముగ్గురు వేరు వేరు ఊళ్ళలో కూర్చుని ప్లగిన్లు రాసుకునే మాలాంటి వాళ్ళకి అది రోజూ కావాలి. తవ్వుకున్నాక మాత్రం నీళ్ళు బాగా పారుతున్నాయి. పోయిన వారం తమ్ముడు లాకు తలుపులు పెట్టే మూడో ప్లగిన్ తెచ్చాడు. కాలువ జరిపితే తలుపులూ జరిగాయి. నా కోడ్‌లో ఒక్క లైనూ ముట్టుకోలేదు.