ఆల్ఫాఫోల్డ్ సర్వర్: సుమో, యూఎఫ్‌ఎం1 ఎంజైముల మీద నడిపి చూస్తే

ప్రొటీన్ల ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ 3 మోడల్‌తో 2024 మేలో వచ్చిన ఈ సర్వర్ ఉచితం. గూగుల్ అకౌంట్ ఉంటే చాలు, కానీ వాణిజ్యేతర పరిశోధనకే అనుమతి. ఒక్కో జాబ్‌కు 5,000 టోకెన్ల పరిమితి (అమైనో ఆమ్లానికి ఒక టోకెన్, ఏటీపీ లాంటి చిన్న అణువుల్లో ఒక్కో పరమాణువుకు ఒకటి). సుమో, యూఎఫ్‌ఎం1 అనేవి ఎంజైములు ఇతర ప్రొటీన్లకు అంటించే చిన్న ప్రొటీన్లు. సుమో వ్యవస్థకు ఈ పరిమితి బోలెడు: ఈ1 ఎంజైము (సుమోను యాక్టివేట్ చేసేది) రెండు భాగాలు ఎస్‌ఏఈ1 (346), యూబీఏ2 (640), దాని నుంచి సుమోను అందుకునే ఈ2 ఎంజైము యూబీసీ9 (158), సుమో1 (97), ఏటీపీ 31, మెగ్నీషియం, జింక్ ఒక్కొక్కటి. అన్నీ కలిపినా 1,274.

తప్పులు ఎక్కువగా సీక్వెన్స్ పేస్ట్ చేసే దగ్గరే జరుగుతాయి. ప్రొటీన్ సీక్వెన్సుల డేటాబేస్ యూనిప్రాట్‌లో సుమో1 పొడవు 101. చివరి నాలుగు అమైనో ఆమ్లాలను కణంలో సెన్ప్ ప్రోటియేజులు కోసేస్తాయి, కాబట్టి గ్లైసీన్ 97 దగ్గర ఆపాలి. తోక ఉంచితే అది యాక్టివ్ సైట్‌కు అడ్డం పడుతుంది. యూబీఏ2లో సుమారు 550 తర్వాతి భాగానికి స్థిరమైన ఆకారం లేదు. దాన్ని కత్తిరించకపోతే ఐపీటీఎం (గొలుసుల పరస్పర అమరిక మీద మోడల్ నమ్మకాన్ని చెప్పే స్కోరు) అనవసరంగా పడిపోతుంది. జింక్ మర్చిపోవద్దు, యూబీఏ2లో నాలుగు సిస్టీన్లు దాన్నే పట్టుకుని ఉంటాయి.

యూఎఫ్‌ఎం1 సంగతి వేరు. దాని ఈ1 ఎంజైము యూబీఏ5 జంటగా పనిచేస్తుంది: ఒక అణువు చివరి భాగం పట్టుకున్న యూఎఫ్‌ఎం1ను రెండో అణువు యాక్టివేట్ చేస్తుంది. కాపీల గడిలో రెండింటికీ 2 అని పెట్టాలి. ఒక్కొక్కటే ఇస్తే అసలు అమరిక కనపడే దారే లేదు. యూఎఫ్‌ఎం1ను గ్లైసీన్ 83 దగ్గర ఆపాలి.

ఫలితంలో ఐదు మోడళ్లు వస్తాయి. ఐదూ ఒకేలా ఉన్నాయని మురిసిపోనక్కర్లేదు, అన్నీ ఒకే సీడ్ (లెక్క మొదలుపెట్టే యాదృచ్ఛిక సంఖ్య) నుంచి వచ్చినవే. సీడ్ మార్చి మళ్లీ నడపాలి. ఐపీటీఎం 0.8 దాటితే నమ్మకం, 0.6 లోపు అయితే పక్కన పెట్టొచ్చు. మధ్యలో ఉంటే రెండు గొలుసుల మధ్య పీఏఈ (స్థానాల్లో ఉండొచ్చని మోడల్ అంచనా వేసే దోషం) చదరం ముదురు ఆకుపచ్చగా ఉందో లేదో చూడాలి. యూబీసీ9కు సుమో అంటుకునే చోట్లు రెండు: యాక్టివ్ సైట్, దాని వెనకవైపు. యూబీసీ9 సిస్టీన్ 93 నుంచి సుమో గ్లైసీన్ 97 చాలా దూరంగా ఉంటే, సర్వర్ చూపిస్తున్నది థయోఎస్టర్ స్థితి (ఆ రెండింటి మధ్య గంధకం ద్వారా ఏర్పడే బంధం) కాదు, వెనకవైపు బంధం. థయోఎస్టర్‌ను గానీ లైసీన్‌తో ఐసోపెప్టైడ్ బంధాన్ని గానీ సర్వర్‌లో గీసి ఇవ్వలేం.

అసలు బలహీనత సుమో ఈ1 దగ్గర బయటపడుతుంది. అడినైలేషన్ (ఏటీపీతో సుమో చివరి కొసను యాక్టివేట్ చేసే మెట్టు) వేళ యూబీఏ2 సిస్టీన్ 173 సుమో చివరి కొసకు 30 ఆంగ్‌స్ట్రాములకు పైగా దూరంలో ఉంటుంది. థయోఎస్టర్ ఏర్పడేందుకు ఆ డొమైన్ దాదాపు 130 డిగ్రీలు తిరుగుతుంది. ఈ రెండు స్థితులూ 2010 నుంచి ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్ పీడీబీలో ఉన్నాయి: 3కేవైసీ, 3కేవైడీ. సర్వర్ ఇచ్చేది ఒక స్థితినే, ఫలానాది కావాలని అడిగే మీట లేదు. పైగా మోడల్ శిక్షణకు 2021 సెప్టెంబరు వరకు వచ్చిన నిర్మాణాలు వాడారు. అంటే వీటి మీద వచ్చే మంచి స్కోరు అంచనా కంటే జ్ఞాపకమే కావచ్చు. నిర్మాణాలను చూపించే కైమెరాఎక్స్ సాఫ్ట్‌వేర్‌లో మ్యాచ్‌మేకర్‌తో రెండింటి మీదా పరిచి చూస్తే ఏ స్థితో తేలిపోతుంది.

మ్యుటేషన్ల ప్రభావం అడిగితే మాత్రం దండగ. ఇంటర్‌ఫేస్‌లో కీలకమైన అమైనో ఆమ్లాన్ని మార్చినా తరచూ అదే కాంప్లెక్స్, దాదాపు అదే స్కోరు వస్తుంది. ఏ అమైనో ఆమ్లాలను మార్చాలో ఎంచుకోవడానికి, క్లోనింగ్‌కు ముందు కన్‌స్ట్రక్ట్ (తయారు చేయబోయే ప్రొటీన్ ముక్క) హద్దులు గీయడానికి బాగా పనికొస్తుంది. బంధం నిజంగా తెగిందా అన్నది పుల్‌డౌన్, ఐటీసీ లాంటి ల్యాబ్ పరీక్షల్లోనే తేల్చుకోవాల్సిందే.