అట్ట తిప్పి వెనక పేర్లు చదివాక

అమెరికన్ గాయని క్రిస్ విలియమ్సన్ ‘ది ఛేంజర్ అండ్ ది ఛేంజ్డ్’ పాత ఎల్పీ రికార్డు 15 డాలర్లకు దొరికింది. పాట వినకముందే అట్ట తిప్పి వెనక పేర్లు చదివాను. అది నాకు అలవాటు. నేను అమెరికాలో ఒక థియేటర్‌లో సౌండ్ చూస్తాను. నేను ఆడదాన్ని కాబట్టి, సౌండ్ బోర్డులో శబ్దం పెంచే, తగ్గించే ఫేడర్ మీద నా వేలుండగానే "సౌండ్ చూసే ఆయన ఎక్కడ?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1975లో వచ్చిన ఈ రికార్డుకి పాడింది, వాయించింది, రికార్డింగ్ చేసింది అందరూ ఆడవాళ్ళే.

తెచ్చిన కంపెనీ ఒలీవియా రికార్డ్స్. 1973లో వాషింగ్టన్‌లో ఒక రేడియో ఇంటర్వ్యూలో, ఆడవాళ్ళే నడిపే రికార్డు కంపెనీ పెట్టొచ్చు కదా అని ఈ క్రిస్ అన్న మాటే దానికి మొదలు. పెద్ద కంపెనీల పంపిణీ లేదు. స్త్రీల పుస్తకాల షాపుల్లో, కచేరీ అయ్యాక బల్ల మీద పెట్టి అమ్మేవారు. అలా అమ్మీ అమ్మీ లక్షల కాపీలు దాటించారు!

ఇక పాటలు. ‘వాటర్‌ఫాల్’లో గొంతు మన పక్కనే కూర్చుని పాడుతున్నంత దగ్గరగా వినిపిస్తుంది. బేస్ మాత్రం ఇప్పటి చెవులకు పలచగా ఉంటుంది. నాకు ప్రాణం చివరి పాట, ‘సాంగ్ ఆఫ్ ద సోల్’. కోరస్ వచ్చేసరికి గొంతులు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకామె కాస్త ముందే అందుకుంటుంది, ఇంకొకామె చివరి అక్షరాన్ని వదలదు. నేనైతే మిక్స్‌లో సరిచేసేదాన్నేమో. చేయనందుకే గది నిండా మనుషులున్నట్టుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను, నాలుగుసార్లూ కళ్ళు చెమర్చాయి.

ఈ ఒక్క రికార్డు విని ఆనాటి స్త్రీల సంగీత ఉద్యమమంతా తెలిసిందనుకోకండి. నల్లజాతి గాయని లిండా టిల్లరీ 1977లో ఇదే కంపెనీకి చేసిన ఆల్బమ్ కూడా వినాలి, దాని ఊపే వేరు. ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఒలీవియాలో శాండీ స్టోన్ అనే సౌండ్ ఇంజినీర్ ఉండేది. ట్రాన్స్ మహిళ అని ఆమెను తీసేయమని తోటి స్త్రీవాదుల్లోనే కొందరు పట్టుబట్టారు. కంపెనీ ఆమె పక్షానే నిలబడింది. కానీ బాయ్‌కాట్ బెదిరింపులు ఆగకపోవడంతో చివరికి ఆమే వెళ్ళిపోయింది. సౌండ్ బోర్డు దగ్గర మరో అమ్మాయికి పని నేర్పించగలిగిన మనిషిని అలా పోగొట్టుకున్నారు.

నా కాపీ గురించి చెప్పాలి. అమ్మినతను "గీతల్లేవు" అన్నాడు. ‘సిస్టర్’ పాట దగ్గర సూది మూడుసార్లు ఎగిరింది. అదృష్టం, చివరి పాటకి ఏమీ కాలేదు. మీరు పాత కాపీ కొంటే మాత్రం రెండో వైపు దీపం కింద వంచి చూసి, ఆ తర్వాతే డబ్బులివ్వండి.