1857 ఎన్‌ఫీల్డ్ పేరుతో అమ్మే తుపాకులతో జాగ్రత్త

అమెరికాలో ఉంటూ పాత తుపాకుల నమూనాలు సేకరించే మనవాళ్లందరూ ఇది చదవండి. "1857 తిరుగుబాటు నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌కు అచ్చుగుద్దిన నమూనా" అని చెప్పి ఒక అమ్మకందారు నాకు అంటగట్టిన తుపాకీకి ఆ కాలంతో పొంతనే లేదు.

పెట్టె తెరవగానే బ్యారెల్‌లోకి లైటు వేసి చూశాను. లోపల అద్దంలా నున్నగా ఉంది. ఆనాటి ఎన్‌ఫీల్డ్ అంటే 1853 ప్యాటర్న్, అంటే ఆ ఏటి డిజైన్. దానికి .577 అంగుళాల బోరులో (బ్యారెల్ లోపలి రంధ్రంలో) మెలితిరిగిన మూడు గాట్లు ఉండాలి. రైఫిల్ అనిపించుకునేదే ఆ గాట్ల వల్ల. ఫోన్ చేసి అడిగితే అతను తడుముకోకుండా ఒక కథ చెప్పాడు: తిరుగుబాటు తర్వాత ఇండియా సిపాయిలకు గాట్లు లేని తుపాకులే ఇచ్చారు, ఇది ఆ రకం అని.

ఇందులో సగం నిజం ఉంది, అందుకే చాలామంది నమ్మేస్తారు. బ్రిటిష్ వాళ్లు 1858 ప్యాటర్న్ పేరుతో అలాంటివి చేయించిన మాట వాస్తవమే. కానీ వాటి బోరును .656 దాకా పెద్దది చేశారు, గురి చూడటానికి, దూరాన్ని బట్టి పైకి లేపే సైటు తీసేసి కదలని సాదా సైటు పెట్టారు. నాకొచ్చిన దానికి బోరు .577 కొలతే, సైటు లేపేదే. అంటే అది రైఫిలూ కాదు, సిపాయిల మస్కెట్టూ (గాట్లు లేని తుపాకీ) కాదు. పైగా 1857 మొదట్లో ఎన్‌ఫీల్డ్ శిక్షణ డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్ డిపోల్లో అప్పుడప్పుడే మొదలైంది. చాలామంది సిపాయిల దగ్గర ఇంకా పాత మస్కెట్లే ఉన్నాయి.

లాక్ ప్లేట్ (తుపాకీని పేల్చే యంత్రం ఉండే పక్క రేకు) మీద "1853" అని కొట్టి ఉంటే అనుమానించండి. అది డిజైన్ సంవత్సరం. అసలు వాటిపై తయారైన సంవత్సరం ఉంటుంది, బర్మింగ్‌హామ్‌లో చేసిన చాలావాటిపై "టవర్" అని కూడా ఉంటుంది. బ్యారెల్‌ను చెక్కకు పట్టి ఉంచే మూడు బ్యాండ్లు చూడండి: స్క్రూ బయటికి పొడుచుకు రాకుండా నున్నగా కలిసిపోయి ఉంటే అవి బాడెలీ బ్యాండ్లు, 1860ల నాటివి. మంచి పేరున్న నమూనాల్లో కూడా ఇవే కనిపిస్తాయి, కాబట్టి వాటిని తప్పుపట్టను. కానీ 1857 అని మాత్రం అమ్మకూడదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది వేరే. నిప్పు పుట్టించే చిన్న క్యాప్‌ను పెట్టే నిపుల్ కింద, మందు దాకా నిప్పు వెళ్లే రంధ్రమే వేయలేదు. బ్యారెల్ మీద ప్రూఫ్ ముద్ర, అంటే పేల్చి పరీక్షించారని చెప్పే గుర్తు, లేదు. "మీరే డ్రిల్ చేసుకోండి, బాగా పేలుతుంది" అన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. పరీక్షించని ఆ గొట్టం ముఖం పక్కనే పగిలితే ప్రాణాలకే ముప్పు. ఇటలీలో తయారైన వాటికైతే ప్రూఫ్ ముద్రలతో పాటు సంవత్సరం కోడ్ చిన్న గడిలో కొట్టి ఉంటుంది.

డబ్బు తిరిగి ఇమ్మంటే ఆర్డర్ మీద తెప్పించిన సరుకని మొండికేశాడు. కార్డు కంపెనీకి ఫిర్యాదు చేశాను, ప్రకటనలో "రైఫిల్" అని ఉన్న స్క్రీన్‌షాట్ కూడా పంపాను. మీరు కొనేముందు బ్యారెల్ లోపలి భాగం, ప్రూఫ్ ముద్రలు, లాక్ ప్లేట్, బ్యాండ్లు, సైటు దగ్గరగా కనిపించే ఫోటోలు అడగండి. పంపనంటే ఆ బేరం వదిలేయండి.