సంబురమూ రందీ: ఓరుగల్లు నుంచి శంషాబాద్ దాకా

వీసా వచ్చిన రోజు ఇల్లంతా సంబురం. బయలుదేరే వారం దగ్గరపడితే రంది మొదలవుతుంది. అమెరికా చదువుకు పోయే హన్మకొండ పిల్లలకైనా, దుబాయి పనికి పోయే జగిత్యాల వాళ్లకైనా అంతే. మనసు అట్లా ఉన్న రోజునే తేదీ, తూకం, కాగితాల దగ్గర పొరపాట్లు జరుగుతాయి. కండ్లనీళ్లకు, దీవెనలకు ఇంట్లోనే తీరిక పెట్టుకోండి. ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఆ తీరిక దొరకదు.

ముందు తేదీ చూసుకోవాలి. గల్ఫ్ విమానాలు చాలా అర్ధరాత్రి దాటాకే లేస్తాయి. టికెట్‌లో 12వ తేదీ 02:30 అని ఉంటే 11వ తేదీ రాత్రి పదకొండున్నరకల్లా శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే దారిలో ఆలస్యమైనా సరిపోయేలా వరంగల్‌లో సాయంత్రం ఆరున్నరకే కదలాలి. 12వ తేదీ రాత్రి అనుకుంటే విమానం పోయినట్టే.

కారైతే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి, ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది. వరంగల్ నుంచి మామూలుగా మూడు, మూడున్నర గంటలు. కరీంనగర్ వాళ్లకు శామీర్‌పేట, నిజామాబాద్ వాళ్లకు మేడ్చల్ దగ్గర ఔటర్ కలుస్తుంది. కాజీపేట నుంచి రైలు చౌకే గాని, సికింద్రాబాద్‌లోనో చర్లపల్లిలోనో దిగి మళ్లీ బండి మారాలి. 23 కిలోల పెట్టెలు రెండుంటే ఆ దారి వద్దు. ఒక్క పెట్టెతో పోయేవాళ్లకు సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్టాండు) నుంచి ఎయిర్‌పోర్టుకు పోయే ఆర్టీసీ పుష్పక్ బస్సు బాగా పనికొస్తుంది.

పెట్టెలను ఇంట్లోనే చేతి కాటాతో తూచి, టికెట్‌లో ఉన్న బరువుకన్నా ఒక్కో కిలో తక్కువే ఉంచండి. ఆవకాయను రెండు కవర్లలో సీలు చేసి చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. నూనె కారితే బట్టలన్నీ పాడు. గసగసాలు గల్ఫ్‌కు అసలే వద్దు, అక్కడ అవి మత్తుపదార్థాల కేసు అవుతాయి. మసాలా పొడిలో కలిపినా సరే, తీసేయండి. అమెరికాకు మాంసం పచ్చడి పనికిరాదు. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. మందులకు డాక్టరు చీటీ జత చేయండి.

పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉండి గల్ఫ్ కొలువుకు పోయేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి సర్కారు ఇచ్చే అనుమతి, ముందే చేతిలో ఉండాలి. దాంతోపాటు తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా రెండేండ్లకు 275 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షలు. బీమా కాగితం ఫొటో భార్య ఫోన్‌లోనో తల్లిదండ్రుల ఫోన్‌లోనో కూడా ఉండాలి.

టికెట్ లేనివాళ్లను టెర్మినల్ లోపలికి రానివ్వరు. సాగనంపడానికి వచ్చినవాళ్లు వెంటనే బండెక్కొద్దు. పెట్టె బరువెక్కువైతే తీసిన సామాను అందుకోవాలి, కాగితం తక్కువైతే ఫోన్‌లో పంపాలి. ఎమిగ్రేషన్ దాటానని ఫోన్ వచ్చేదాకా ఆగండి.

శంషాబాద్‌లో లాడ్జి గది తీసుకోవాలా అంటే, తెల్లారి విమానమైతే తీసుకోవచ్చు. తెల్లవారుజామున లాడ్జి వాళ్లు ఎయిర్‌పోర్టుకు బండి పంపుతారో లేదో ముందే ఫోన్‌లో అడగండి. అర్ధరాత్రి విమానమైతే పోయేవాళ్లకు గది అక్కర్లేదు, సాగనంపి ఇంటికి తిరిగి వచ్చేవాళ్లకు కావాలి. ఏడ్చి అలసిన కుటుంబం, నిద్ర లేని డ్రైవరు, 150 కిలోమీటర్లకు పైబడిన చీకటి రోడ్డు: ఇది మంచిది కాదు. గది అద్దె దగ్గర వెనకాడకుండా డ్రైవరును పడుకోనిచ్చి, తెల్లారాకే బయలుదేరండి.