సున్నపురాయి కొండల్లో కొత్త చెట్టు కోసం: బేతంచెర్ల, యాగంటి, బెలుం, గండికోట

కొండ మీద ఎవరూ పేరు చెప్పలేని చెట్టు ఒకటి కనబడడం పెద్ద విశేషం కాదు. దాని పూల కొమ్మను కిందికి దింపి, నల్లబడకుండా ఆరబెట్టి, హెర్బేరియం (ఎండిన మొక్కల నమూనాలు దాచే చోటు) దాకా చేర్చడమే కష్టం. మళ్లీ కాయల కాలానికి వెళ్లి అదే చెట్టును పట్టుకోవడం ఇంకా కష్టం. అందుకే కర్నూలు, నంద్యాల, కడప వైపు సున్నపురాయి కొండలకు చెట్ల కోసం వెళ్లేవాళ్లు బసను వేరే లెక్కన చూసుకోవాలి. రాత్రంతా ఫ్యాను తిరుగుతుందా, కొమ్మలు ఆరబెట్టే పేపర్లు నేల మీద పరుచుకోనిస్తారా, తెల్లారి అయిదింటికి గేటు తీస్తారా: గది చూసే ముందు అడగాల్సినవి ఈ మూడు.

ముందు రాయి సంగతి. బనగానపల్లె చుట్టూ బల్లపరుపుగా కనబడే కొండల్లో అడుగున నార్జి సున్నపురాయి, పైన టోపీ పెట్టినట్టు, ఇసుకరాయి గట్టిపడి అయిన పాణ్యం క్వార్ట్‌జైట్ ఉంటాయి. రెంటికీ మధ్య అవుకు షేల్ (పలకలుగా విడిపోయే మెత్తని రాయి) పొర. ఇళ్లలో పరిచే నాపబండలు ఈ సున్నపురాయివే. కొండ ఎక్కుతూ ఉండగానే కాలికింద రాయి మారిపోతుంది, దాంతోపాటు చెట్లూ మారతాయి. 'సున్నపురాయి కొండ' అని నోటుబుక్కులో ఒక్కమాట రాసి ఊరుకుంటే తర్వాత పనికిరాదు. ప్రతి చెట్టు మొదట్లో రాయిని చూడాలి. చాకుతో గీస్తే సున్నపురాయి మీద తెల్లటి గాడి పడుతుంది. ఆ పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసమో వెనిగరో వేస్తే సన్నగా బుడగలొస్తాయి. క్వార్ట్‌జైట్‌కు గాడి పడదు. చాకు ఇనుమే అరిగి రాయి మీద మెరిసే గీతగా మిగులుతుంది. అర నిమిషం పని ఇది, కానీ చెట్టు ఎక్కడ పెరుగుతుందో తేల్చేది ఇదే.

సున్నపురాయి మీద మట్టి పలచన. పడిన వాన పగుళ్లలోంచి జారిపోతుంది. మట్టిలో క్షారగుణం ఎక్కువ కాబట్టి ఇనుము వేళ్లకు సులువుగా అందదు. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కిన ఆకులు ఇక్కడ తరచూ కనబడతాయి. అది జాతి లక్షణం అనుకుని రాసుకోకండి.

బేతంచెర్ల డోన్–నంద్యాల రైలు మార్గంలోనే ఉంది, చేరడం సుఖం. దగ్గర్లోని బిళ్లసర్గం గుహలను 1884 ప్రాంతంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ పరిశీలించాడు. పాతకాలపు జంతువుల ఎముకలు దొరికిన చోటని పేరు. చెట్లవాళ్లకు మాత్రం అసలు విలువ గుహల లోపల లేదు. పైకప్పు కూలి ఆకాశానికి తెరుచుకున్న లోతైన గోతుల్లో ఉంది. నీడ, చెమ్మ, పగుళ్లలో పేరుకున్న మట్టి అన్నీ అక్కడ ఉన్నాయి, పైన ఎండిపోయిన కాలంలోనూ లోపల ఆకు కనబడుతుంది. ఈ నాలుగు చోట్లలో ఒక్కరోజే ఉంటే ఇక్కడే గడపమని చెప్తాం. చిక్కల్లా క్వారీల దుమ్ము. ఆకు మీద పేరుకున్న తెల్లటి సున్నపు పొడిని మైనపు పూతగానో నూగుగానో పొరబడతారు. నీళ్లతో కడిగి, తుడిచి, పది రెట్లు పెద్దదిగా చూపే లెన్సుతో చూశాకే రాయాలి. రాత్రి బసకు నంద్యాల వెళ్లిపోవడం మేలు.

యాగంటిలో కొండ చరియ కిందే కోనేరు ఉంది. నీటి ఊట ఉన్నచోట మర్రి, రావి జాతుల వేళ్లు రాతిని పట్టుకుని ఎంత దూరం పాకుతాయో దగ్గర నుంచి చూడొచ్చు. అగస్త్య గుహ, వెంకటేశ్వర గుహల మెట్ల దారి పొడవునా చరియ అంచు చెట్లు చేతికందే ఎత్తులో ఉంటాయి. కానీ ఆలయ ఆవరణలో ఒక్క రెమ్మ కూడా తుంచకూడదు. ఫొటో తీసుకుని, అదే చెట్టును బయటి కొండల్లో అనుమతితో వెతుక్కోవాలి. చరియల కింద పెద్ద తేనెపట్లు ఉంటే ఆ పక్కకు పొగ, అత్తరు వాసన, దోటి ఏదీ పోనివ్వకండి. దేవస్థానం గదులు, సత్రాలు పొద్దున్నే బయల్దేరడానికి బాగుంటాయి. కార్తీక సోమవారాలు, శివరాత్రి రోజుల్లో మాత్రం కాగితాలు పరిచే చోటు కాదు కదా, పడుకునే చోటే దొరకదు.

బెలుం గుహలు కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. సున్నపురాయిని నీళ్లు ఎలా కరిగిస్తాయో అర్థం కావాలంటే తప్పక చూడాలి. చెట్ల కోసమైతే అక్కర్లేదు. గుహల నెత్తిన ఉన్నవి చదునైన పొలాలు, అడవి కాదు. లోపల ఉక్క కాబట్టి కొమ్మల సంచి తీసుకెళ్తే బయటికొచ్చేసరికి పూరేకులు రాలిపోతాయి. వెళ్లాలనుకుంటే ప్రయాణం చివరి మధ్యాహ్నం పెట్టుకుని, అక్కడి నుంచి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న తాడిపత్రికి వచ్చి రైలెక్కండి.

గండికోట గురించి చాలామంది పొరబడతారు. పెన్న కోసిన ఆ లోయ గోడలు క్వార్ట్‌జైట్‌వి. సున్నపురాయి చెట్లు అక్కడ వెతకడం రాయి తెలియక చేసే పని. అయినా ఒక రోజు పెట్టుకోవడం మంచిదే. సున్నపురాయి మీద చూసిన చెట్టు అక్కడా ఉంటే అది రాయిని ఎంచుకునే జాతి కాదని తేలిపోతుంది. పర్యాటక శాఖ హరిత రిసార్టు ఉంది కాబట్టి బస సమస్య లేదు. శని, ఆదివారాలు మాత్రం వద్దు. చవకగా కావాలంటే సుమారు 15 కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు లాడ్జీలు చాలు.

అన్నీ తూచి చూస్తే మకాముకు నంద్యాలే మా ఓటు. రైలుంది, బస్టాండు చుట్టూ లాడ్జీలున్నాయి, స్పిరిటు, పాత పేపర్లు, అట్టలు అన్నీ బజార్లో దొరుకుతాయి. పై అంతస్తులో రెండువైపులా కిటికీలున్న గది అడగండి. రూం ఊడ్చేవాళ్లు పేపర్ల కట్టను చిత్తుకాగితాలనుకుని తీసిపారేయడం మామూలుగా జరిగే నష్టం. ముందే చెప్పి, కట్ట మీద పెద్దక్షరాలతో రాసిన కాగితం అంటించాలి. జీపు మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు, డ్రైవరు బత్తా, మధ్యలో ఆగి ఉండే గంటల లెక్క ముందే తేల్చుకోండి. చెట్లవాళ్లు తిరిగే దూరం తక్కువ, ఆగే సమయం ఎక్కువ. అక్కడే గొడవలొస్తాయి. అంతకంటే ముఖ్యం, ఊళ్లో ఒక గొర్రెల కాపరిని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లడం. ఏ వంకలో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆయన చెప్పిన పేరును సవరించకుండా, విన్నది విన్నట్టే రాసుకోవాలి. ఎండకు ఉగ్గాని మెత్తబడి పాడవుతుంది, జొన్నరొట్టె, పప్పుల పొడి కట్టుకెళ్తే మధ్యాహ్నం దాకా ఇబ్బంది ఉండదు.

రిజర్వు అడవిలో అడుగుపెట్టడానికీ, కొమ్మ కోయడానికీ అటవీ శాఖ రాతపూర్వక అనుమతి కావాలి. డీఎఫ్‌ఓ (జిల్లా అటవీ అధికారి) ఆఫీసులో వారాల ముందే దరఖాస్తు పెట్టి, కాగితం ప్రతి జేబులో ఉంచుకోండి. కడప వైపు ఎర్రచందనం అడవుల్లో కత్తి, దోటి పట్టుకుని అనుమతి లేకుండా కనబడితే ఏ వివరణా చెల్లదు.

ఇక కొమ్మ సంగతి. ఆకులు, మొగ్గలు, పూలు ఉన్న రెమ్మను 30 నుంచి 40 సెంటీమీటర్లు కోయాలి. ఒకే చెట్టు నుంచి అయిదారు ప్రతులు తీసి అన్నిటికీ ఒకే నంబరు ఇవ్వాలి. ఎండిన రెమ్మను అంటించే హెర్బేరియం షీటు 42 × 28 సెంటీమీటర్లు, పొడవైన రెమ్మను ఆ కొలతకు వంచి సర్దాలి. రెండు మూడు ఆకులు వెనక్కి తిప్పి పెడితే అడుగు భాగం కనబడుతుంది. రెమ్మలు నొక్కి ఉంచిన పేపర్లను మొదటి సాయంత్రమే మార్చాలి, ఆపైన రోజూ. చాలా ఆకులు వారంలోపే ఆరతాయి, వానాకాలంలో ఒక్క రోజు మార్పు తప్పితే బూజు పడుతుంది. రెండు మూడు రోజులు ఆరబెట్టే వీలు లేకపోతే కట్టను స్పిరిటుతో తడిపి పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా బిగించాలి. డీఎన్‌ఏ కోసం దాచే ఆకు ముక్క స్పిరిటుకు దూరంగా ఉండాలి. దానికి పదిరెట్ల బరువు సిలికా జెల్ (చెమ్మ పీల్చే గుళికలు) వేసి, గుళికల రంగు మారగానే కొత్తవి వేయాలి. పాలు తెల్లగా కారాయా, గీసిన పట్ట లోపల ఏ రంగు, నలిపిన ఆకు వాసన ఏమిటి: ఇవి ఎండిన కొమ్మ ఎన్నటికీ చెప్పదు కాబట్టి చెట్టు దగ్గరే రాయాలి. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత, జీపీఎస్ అంకెలు కూడా.

కొత్త జాతి అనిపించి చివరికి కాకుండా పోయేవి ఎక్కువగా రెండు. మొదటిది, నరికిన మోడు నుంచి చిగిర్చిన కొమ్మ. దాని ఆకులు అసలు ఆకులకంటే బాగా పెద్దవి. రెండోది, తునికిలాగా మగ చెట్టు, ఆడ చెట్టు వేరుగా ఉండే జాతులు. ఒకదాన్నే చూసినవాళ్లు మోసపోతారు.

పోలికకు అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం హెర్బేరియం దగ్గర్లో ఉంది. దక్షిణాది పాత నమూనాలకు కోయంబత్తూరులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ హెర్బేరియం చూడక తప్పదు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు, దగ్గరి జాతి నుంచి ఏ లక్షణంలో తేడా ఉందో చెప్పే వర్ణన లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలన్నది 2012 జనవరి 1 నుంచి ఉన్న నియమం. అంతకుముందు లాటినే తప్పనిసరి. ఏ ఒక్క నమూనా మీద పేరు నిలబడుతుందో, అది ఏ హెర్బేరియంలో ఉందో స్పష్టంగా ప్రకటించాలి. పేరులో మన ఊరు, మన కొండ చక్కగా ఇముడుతాయి. ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానాలో నల్లమల ఉన్నట్టే. శేషాచలం కొండల సాంబ్రాణి చెట్టు బాస్వెల్లియా ఓవాలిఫోలియోలాటాకు శాస్త్రీయ నామం 1961లో వచ్చింది. దాని బంక ధూపం వేసే ఊళ్లకు ఆ చెట్టు అంతకు ఎంతో ముందే తెలుసు.

ఇక్కడి చెట్లలో చాలా వాటికి ఆకు రాలాకే పూత. కొండగోగు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు లేకుండా పసుప్పచ్చగా పూస్తుంది. కాబట్టి మార్చిలో ఒకసారి, వానలు పడ్డాక ఆగస్టులో ఒకసారి, కనీసం రెండు ప్రయాణాలు పెట్టుకోండి. చరియల మధ్య జీపీఎస్ పది ఇరవై మీటర్లు తప్పుతుంది, అంత దూరంలో అలాంటి చెట్లే నాలుగుంటాయి. మానుకు చిన్న అల్యూమినియం బిళ్ల కట్టి నంబరు గీయండి. దారం బిగించకుండా, మాను లావెక్కేందుకు వదులు ఉంచాలి. నేల మీద రాలిన కాయలు ఏ చెట్టువో ఎవరూ రుజువు చేయలేరు. ఆ బిళ్ల ఉన్న చెట్టు కొమ్మ మీద నుంచే కాయ కోసి, అదే నంబరు వేసిన గుడ్డసంచిలో విడిగా దించాలి.