గుండె వైఫల్యానికి మందులు: వార్డులోనే మొదలుపెట్టడం మేలా, నెల తర్వాతా?

మొదటిసారి డిశ్చార్జి అయినప్పుడు మా పెదనాన్న చేతికి ఇచ్చిన కవరులో ఒంట్లో నీరు లాగే మాత్రలు, గ్యాస్ మాత్రలు మాత్రమే ఉన్నాయి. ఎకోలో (గుండె స్కాన్‌లో) పంపింగ్ 30 శాతమే, అంటే గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో అంతే బయటికి నెడుతోందని తేలింది. ‘గుండె మందులు నెల తర్వాత ఓపీకి వచ్చినప్పుడు మొదలుపెడదాం’ అన్నారు. నెల తర్వాత నాట్లు పడుతున్నాయి, ఆయన వెళ్లలేదు. కొద్ది రోజులకే ఒక రాత్రి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చున్నారు. చీలమండ మీద వేలితో నొక్కితే పడిన గుంట పూడలేదు. మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆగుదామనే వాదనలోనూ బలముంది. వార్డులో ఉన్న రోగికి బీపీ తక్కువగా ఉండవచ్చు, నీరు లాగే ఇంజెక్షన్లతో కిడ్నీలు అలసి ఉండవచ్చు. ఈ జబ్బుకు సిఫార్సు చేసే నాలుగు రకాల మందులు ఒకేసారి మొదలుపెడితే, కళ్లు తిరిగినప్పుడు ఏ మందు వల్లో చెప్పడం కష్టం. అందుకే ఒక్కో మందు ఇచ్చి, నెలల తరబడి మోతాదు పెంచుతూ వెళ్లడం పాత పద్ధతి.

ఆ నిదానానికి రోగి దగ్గర సమయం ఉంటుందా అన్నదే నా అభ్యంతరం. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన తొలి వారాలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. మన దేశంలో 53 ఆసుపత్రులు 10 వేలకు పైగా గుండె వైఫల్య రోగుల వివరాలు సేకరించిన జాతీయ రిజిస్ట్రీలో, 90 రోజుల్లోపే సుమారు 14 శాతం మంది చనిపోయారు. పంపింగ్ తగ్గిన వారిలో సిఫార్సు చేసిన మందులు అందింది సగం కన్నా తక్కువ మందికే.

రెండు దారులనూ పక్కపక్కన పెట్టి చూసిన పెద్ద పరిశోధన 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్‌ఎఫ్. 14 దేశాల్లో 1,078 మంది. ఒక వర్గానికి డిశ్చార్జికి ముందే మందులు సగం మోతాదుకు తెచ్చి, రెండు వారాల్లో పూర్తి మోతాదుకు పెంచారు. మరో వర్గానికి మామూలు వైద్యం. ఆరు నెలల్లో చనిపోయినవారు, గుండె వైఫల్యంతో మళ్లీ చేరినవారు కలిపి మొదటి వర్గంలో 15.2 శాతం, రెండో వర్గంలో 23.3 శాతం. తేడా ఇంత స్పష్టంగా కనిపించడంతో పరిశోధనను ముందే ఆపేశారు. చిన్నాపెద్దా దుష్ఫలితాలు వేగంగా పెంచినవారిలోనే ఎక్కువ (41, 29 శాతం), తీవ్రమైనవి మాత్రం దాదాపు సమానం.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఆ మొదటి వర్గాన్ని 1, 2, 3, 6 వారాల్లో పిలిచి బీపీ, నాడి, పొటాషియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు. తేడా తెచ్చింది మాత్రలే కాదు, ఆ పిలుపులు కూడా అనుకుంటాను. ఆ నాలుగు రకాల్లో ఒకటైన డపాగ్లిఫ్లోజిన్‌ను మాత్రమే ఆసుపత్రిలో మొదలుపెట్టి 2,400 మందిలో చూసిన 2025 పరిశోధనలో లాభం వైపు మొగ్గు కనిపించినా, గట్టిగా తేలలేదు. కాబట్టి వార్డులో మొదలుపెట్టి, రక్తపరీక్ష లేకుండా ఇంటికి పంపితే సగం పనే చేసినట్టు.

అయినా నా ఓటు వార్డుకే. బీపీ మిషను, నర్సు, ల్యాబు అన్నీ పక్కనే ఉన్న చోటు అది. బీపీ బాగా పడిపోయినవారికి, పొటాషియం ఎక్కువగా ఉన్నవారికి ఆగాల్సిందే. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గకముందే గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ కొత్తగా మొదలుపెట్టరు. స్పైరొనోలాక్టోన్ పొటాషియాన్ని పెంచగలదు, అది ఇస్తే పొటాషియం పరీక్ష తప్పనిసరి. తిండి తినలేని రోజుల్లో డపాగ్లిఫ్లోజిన్ ఆపమంటారు. ఖర్చు సంగతికొస్తే, ఈ మందు తొలి పేటెంటు మన దేశంలో 2020లోనే ముగిసింది, ధర బాగా దిగింది.

రెండోసారి డిశ్చార్జి రోజు మా పెద్దమ్మ కాగితం తిరగేసి, ‘ఈసారి రక్తపరీక్ష ఎప్పుడో రాయండయ్యా, నాట్లున్నా నేనే తీసుకొస్తాను’ అంది. డాక్టరు నాలుగు మందుల పేర్ల కింద వచ్చే వారం తేదీ వేసి, దాని చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశారు.